ఆటల అంగడిలో సాఫ్ట్‌వేరు సంస్థ : ఎక్స్‌బాక్స్ ప్రవేశము – ఒక పరిశీలన

సాహిత్యము బోధించువారికి యంత్రములతో పని యేమి అని మిత్రులు మమ్ము అడుగవచ్చును. ఛందస్సు, వ్యాకరణము, కావ్యపరిచయము చెప్పుకొను మాకు ఆటయంత్రముల వ్యాపారము సొంత విషయము కాదు. అయినను ఈ వ్యాసమునకు కారణము మా తరగతియే. ఒకనాడు వ్యాసరచన పాఠములో ‘నేను చూచిన ఒక వస్తువు’ అను అంశమిచ్చి వ్రాయమన్నాము. ఎక్కువమంది తమ ఊరి గుడినో, దర్గానో, రేవునో వర్ణించారు. తీరగ్రామము నుండి వచ్చు ఒక విద్యార్థి మాత్రము చెన్నపట్నములో బంధువుల యింట చూచిన ఎక్స్‌బాక్స్ అను ఆటపెట్టెను గురించి వ్రాసినాడు. తయారీకయిన ఖర్చు కన్న తక్కువ ధరకే కంపెనీ దానిని అమ్మినదని కూడ వ్రాసినాడు. ఆ వాక్యము చదువగానే తరగతి నవ్వినది. మేమును నవ్వి, “నష్టానికి అమ్మేవాడు ఎన్నాళ్లు నిలుస్తాడయ్యా?” అని అడిగాము.

ఆ పిల్లవాడు తడుముకొనలేదు. “మా పాళెంలో షావుకారు వలకీ పడవకీ ముందు డబ్బులిస్తాడు గదా సార్. పట్టిన చేపలు మాత్రం ఆయనకే వెయ్యాల. ఇదీ అంతే సార్” అన్నాడు.

మేము చేతిలోని సుద్దముక్క క్రింద పెట్టినాము. ఆ జవాబు సరియైనదో కాదో తేల్చుకొనుటకు చదువవలసి వచ్చినది. అట్లు చదివిన దాని సారాంశమును విద్యార్థులకును, కళాశాల కార్యవర్గమునకును ఉపయోగపడునన్న ఆశతో ఇచ్చట పొందుపరచుచున్నాము.

ఆటపెట్టె – దాని ఆర్థికము

కన్సోల్ అనగా టెలివిజనుకు తగిలించి ఆడుకొను ఆటయంత్రము. ఇదియు ఒక విధమైన కంప్యూటరే. అయితే మామూలు కంప్యూటరుపై ఎవరు వ్రాసిన ప్రోగ్రామునైనను నడుపవచ్చును. కన్సోల్ మీద మాత్రము దానిని తయారు చేసిన సంస్థ అనుమతించిన ఆటలే నడచును. ఈ కట్టడికి ఒక చరిత్ర ఉన్నది. 1983 ప్రాంతమున అమెరికాలో ఎవరు పడితే వారు నాసిరకపు ఆటలు తయారుచేసి అంగడిలో గుమ్మరించగా, కొనువారికి విసుగు పుట్టి ఆ వ్యాపారమే కుప్పకూలినది. అదే సంవత్సరము జపానులో తన యంత్రమును విడుదల చేసిన నింటెండో సంస్థ, 1985లో అమెరికాకు వచ్చినపుడు యంత్రములో ఒక తాళపు చిప్పును అమర్చినది. తన అనుమతి పొందిన ఆటలు మాత్రమే ఆ తాళమును తీయగలవు. ప్రతి ఆట అమ్మకములోను కొంత సొమ్ము నింటెండోకు ముట్టవలెను. తరువాత వచ్చిన సంస్థలన్నియు ఈ బాటనే పట్టినవి.

కనుక పెట్టెను లాభమునకు అమ్మవలెనన్న నియమము లేదు. పెట్టె ఎన్ని యిండ్లకు చేరిన అంత మంచిది. తరువాత ఆ యింటివారు కొను ఒక్కొక్క ఆట మీద సంస్థకు వాటా వచ్చుచుండును. మా విద్యార్థి చెప్పిన వల, పడవ, షావుకారుల పోలిక ఇంతవరకు అక్షరాల సరిపోయినది. అయితే ఆ పద్ధతిలో షావుకారుకును ఒక భయము ఉన్నది. వలకు డబ్బిచ్చిన పిదప సముద్రములో చేప దొరకనిచో? యంత్రము కొన్న పిదప ఆడదగిన మంచి ఆట లేనిచో? ఈ ప్రశ్నయే ఎక్స్‌బాక్స్ కథకు కీలకము.

ప్రవేశమునకు కారణము

మైక్రోసాఫ్ట్ సంస్థ 1975లో స్థాపితమైనది. ప్రోగ్రాములు వ్రాసి అమ్ముట దాని వృత్తి. ఈ వృత్తిలో ఒక విశేషమున్నది. ఒక ప్రోగ్రామును వ్రాయుటకు ఎంత ఖర్చయినను, దాని రెండవ ప్రతికి దాదాపు ఖర్చు లేదు. లక్ష ప్రతులు అమ్మినను, కోటి ప్రతులు అమ్మినను గిడ్డంగులు, కొలిమి, రవాణా అను బెడదలు స్వల్పము. ఇట్టి సుఖమైన వ్యాపారము చేయువారు ఇనుము, ప్లాస్టిక్, చిప్పులతో పెట్టెలు చేయు కష్టమైన వ్యాపారములోనికి ఏల దిగవలెను?

భయమే కారణము. 1999లో సోనీ సంస్థ తన రెండవ ప్లేస్టేషనును ప్రకటించినది. 2000 మార్చి 4న జపానులో అది అంగడికి వచ్చినది. అది ఆటలనే గాక డీవీడీ చిత్రములను కూడ చూపును. రేపు ఇంటర్నెట్టుకును తగిలించవచ్చును. ఇంటి హాలులోని టెలివిజను దగ్గరకు ఇట్టి యంత్రము చేరినచో, గదిలోని బల్ల మీది కంప్యూటరు ప్రాధాన్యము తగ్గిపోవునేమో అని మైక్రోసాఫ్ట్ పెద్దలకు బెంగ కలిగినది.

ఈ బెంగకు రూపమిచ్చినవారు నలుగురు ఉద్యోగులు: సీమస్ బ్లాక్లీ, కెవిన్ బాకస్, ఓటో బెర్కిస్, టెడ్ హేస్. వీరు డైరెక్ట్‌ఎక్స్ అను సాధనసంపుటితో పరిచయము కలవారు. విండోస్ కంప్యూటరులో ఆటల ప్రోగ్రాములు బొమ్మలను, ధ్వనులను వేగముగా నడుపుకొనుటకు 1995లో వెలువడిన సంపుటి అది. దానిని ఒక పెట్టెలో పెట్టినచో అను ఆలోచన నుండి ‘డైరెక్ట్‌ఎక్స్ బాక్స్’ అను పేరు, దాని నుండి ఎక్స్‌బాక్స్ అను పేరు పుట్టినవి.

2000 ఫిబ్రవరి 14న ఈ ప్రతిపాదనపై తుది చర్చ జరిగినది. యంత్రములో పూర్తి విండోస్ ఉండదని తెలిసి బిల్ గేట్స్ మండిపడ్డారట. సంస్థకు ప్రాణమైన వస్తువును ప్రక్కన పెట్టి కొత్త వ్యాపారమేమిటని ఆయన బాధ. స్టీవ్ బామర్ అప్పటికి ఒక నెల క్రిందటనే ముఖ్య కార్యనిర్వహణాధికారి అయ్యారు. నష్టముల లెక్క ఆయన బాధ. సోనీ సంగతి ఏమి చేయుదము అని ఒకరు అడిగిన మీదట గాలి మారినదని ఆ సమావేశములో ఉన్నవారు తరువాత చెప్పుకున్నారు. ఇద్దరును సమ్మతించారు. మార్చి 10న బిల్ గేట్స్ సాన్ హోసే నగరములో ఎక్స్‌బాక్స్‌ను ప్రకటించారు.

తొలి యంత్రము, తొలి దెబ్బలు

2001 నవంబరు 15న అమెరికాలో 299 డాలర్ల ధరకు ఎక్స్‌బాక్స్ విడుదలైనది. ఇంటెల్ వారి 733 మెగాహెర్ట్‌జ్ చిప్పు, ఎన్‌విడియా వారి చిత్రముల చిప్పు, 64 మెగాబైట్ల జ్ఞాపకశక్తి, లోపలనే ఒక హార్డ్ డిస్కు, ఇంటర్నెట్ తీగెకు ఒక ద్వారము దాని అంగములు. మూడు దినముల తరువాత వచ్చిన నింటెండో వారి గేమ్‌క్యూబ్ ధర 199 డాలర్లే. ఎంతో కాలముగా ఈ రంగమున ఉన్న సేగా సంస్థ యంత్రముల తయారీని విరమించుచున్నట్లు ఆ సంవత్సరము జనవరిలోనే ప్రకటించినది. అనుభవజ్ఞుడు గుడారమెత్తిన సంవత్సరముననే కొత్తవాడు గుడారము వేసినాడన్నమాట.

ఇక్కడ ఒక సూక్ష్మమును విద్యార్థులు గమనింపవలెను. సోనీ తన ముఖ్యమైన చిప్పుల రూపకల్పనను తన చేతిలో ఉంచుకొన్నది. ఏండ్లు గడచినకొలది వానిని చిన్నవిగా, చవుకగా చేసుకొనగలిగినది. మైక్రోసాఫ్ట్ మాత్రము ఆతురతలో ఇంటెల్, ఎన్‌విడియాల వద్ద చిప్పులను కొనుక్కొన్నది. వాని ధర తగ్గించుట తన చేతిలో లేదు. ఎన్‌విడియాతో చిప్పుల ధర గురించి 2002లో వివాదము మధ్యవర్తుల వరకు పోయినది. పైగా హార్డ్ డిస్కు వంటి కదలు భాగములున్న పరికరము ధర చిప్పువలె ఏటేటా పడిపోదు. 2002లో పోటీదారులతోపాటు ఎక్స్‌బాక్స్ ధరను 199 డాలర్లకు దించవలసి వచ్చినది. ధర దిగినది, ఖర్చు దిగలేదు. సాఫ్ట్‌వేరులో రెండవ ప్రతి ఉచితము. పెట్టెలలో ప్రతి పెట్టెయు మరల మొదటి పెట్టెయే.

జపానులో అనుభవము ఇంకను చేదు. 2002 ఫిబ్రవరి 22న అచ్చట విడుదలైన యంత్రము చిన్న యిండ్లకు మరీ పెద్దదిగా కనిపించినది. ఆటల డిస్కులపై గీతలు పడుచున్నవని ఫిర్యాదులు వచ్చినవి. జపాను వారి కొరకు చేసిన చిన్న చేతి మీటయే మెరుగని తరువాత అన్ని దేశములలోను దానినే ఇచ్చుట గమనార్హము. కొనువాడు చెప్పిన మాట వినుట అప్పుడు ఆరంభమైనది.

అయినను సంస్థ రెండు పనులు సరిగా చేసినది. ఒకటి, 2000 జూనులో బంగీ అను చిన్న ఆటల సంస్థను కొని, దాని ‘హేలో’ అను ఆటను యంత్రముతోపాటు విడుదల చేసినది. ఆ ఒక్క ఆట కొరకే పెట్టె కొన్నవారు లెక్కకు మిక్కిలి. రెండు, 2002 నవంబరు 15న ఎక్స్‌బాక్స్ లైవ్ అను సేవను ఆరంభించి, దూరదూరములందలి ఆటగాండ్రను ఇంటర్నెట్ ద్వారా ఒకే ఆటలో కలిపినది. ఆడుచు మాటలాడుకొను సౌకర్యము, ఎక్కడికి పోయినను ఒకే పేరు దాని విశేషములు. కంప్యూటర్ల వలలను కట్టుటలో సంస్థకు గల పాత నేర్పు ఇక్కడ పనికి వచ్చినది.

మొత్తము లెక్క చూడగా, తొలి ఎక్స్‌బాక్స్‌లు సుమారు 2 కోట్ల 40 లక్షలు అమ్ముడుపోయినవి. నింటెండో గేమ్‌క్యూబ్ 2 కోట్ల 17 లక్షలు. సోనీ రెండవ ప్లేస్టేషను 15 కోట్ల 50 లక్షలకు పైగా. మొదటి యంత్రముపై సుమారు 400 కోట్ల డాలర్లు నష్టము వచ్చినదని పత్రికలు అంచనా వేసినవి. విండోస్, ఆఫీసు అను రెండు పాడియావులు లేనిచో ఏ సంస్థయు ఇంత ఓర్చుకొని ఉండెడిది కాదు.

ఎర్రదీపముల పాఠము

తొలి తప్పు తెలిసినది గనుక, రెండవ యంత్రమైన ఎక్స్‌బాక్స్ 360 విషయములో చిప్పుల రూపకల్పనపై హక్కును మైక్రోసాఫ్ట్ తన వద్దనే ఉంచుకొన్నది. సోనీ కన్న ఒక సంవత్సరము ముందుగా, 2005 నవంబరు 22న అమెరికాలో విడుదల చేసినది. 2006లో మన దేశమునకును ఆ యంత్రము వచ్చినది. పాత గుణపాఠమును నేర్చుకొన్న ఆ తొందరలోనే కొత్త తప్పు దాగి ఉన్నది. ఆట ఆడునపుడు యంత్రము వేడెక్కును, ఆపినపుడు చల్లారును. ఇట్లు పలుమార్లు జరుగగా లోపలి సన్నని అతుకులు విరిగినవి. మీట చుట్టును మూడు ఎర్రదీపములు వెలిగి యంత్రము చచ్చిపోవుచుండెను. ప్రోగ్రాములో దోషమున్నచో సవరణ వ్రాసి ఇంటర్నెట్ ద్వారా పంపవచ్చును. విరిగిన అతుకును అట్లు పంపిన సవరణ బాగుచేయలేదు.

2007 జూలైలో సంస్థ బహిరంగముగా ఒప్పుకొన్నది. ఈ దోషము వచ్చిన యంత్రములన్నింటికిని హామీ కాలమును మూడేండ్లకు పెంచినది. అందుకొరకు 105 నుండి 115 కోట్ల డాలర్లను లెక్కలలో ప్రక్కకు తీసినది. పాడైన పెట్టెలను తెప్పించుకొని, బాగుచేసి మరల పంపినది. కొనువారి నమ్మకము నిలిచినది. 2014 నాటికి 360 యంత్రములు 8 కోట్ల 40 లక్షలకు మించి అమ్ముడై సోనీ మూడవ ప్లేస్టేషనుతో దాదాపు సరితూగినవి. 2021లో సంస్థ తన ఆటపెట్టె చరిత్రను డాక్యుమెంటరీగా తీసినపుడు, ఈ ఎర్రదీపముల ఉదంతమునకే ఒక భాగమును కేటాయించినది. తన తప్పును తన చరిత్రలో తానే వ్రాసుకొనుట మెచ్చదగినది.

అట్లని తప్పులు ఆగలేదు. 2013లో మూడవ యంత్రమైన ఎక్స్‌బాక్స్ వన్‌ను ప్రకటించుచు, అది దినమునకు ఒకసారియైన ఇంటర్నెట్టుకు తగులవలెననియు, ఒకరు కొన్న డిస్కును వేరొకరికి ఇచ్చుటపై ఆంక్షలుండుననియు చెప్పినది. పుస్తకము కొన్నవాడు మిత్రునికి ఇచ్చినట్లే ఆట డిస్కును ఇచ్చుట లోకవాడుక. పైగా నెట్టు అందని ఊళ్లు ఎన్ని లేవు! జనులు గోల పెట్టగా అదే జూను నెలలో నిబంధనలను ఉపసంహరించినది. కాని సోనీ యంత్రము 399 డాలర్లుండగా, ఇది 499. ఆ తరములో సోనీయే ముందుకు పోయినది. బలవంతుడైనవాడు కొనువాని అలవాటును మార్చబోయి భంగపడిన సందర్భమిది.

తెలుగువారి సంబంధము

2014 ఫిబ్రవరి 4న మైక్రోసాఫ్ట్ పగ్గములు సత్య నాదెళ్ల చేతికి వచ్చినవి. ఉర్దూ, తెలుగు ఒకే వీధిలో వినిపించు హైదరాబాదులో 1967లో జన్మించినవారాయన. తండ్రి బి.ఎన్. యుగంధర్ పేరుపొందిన ఐ.ఎ.ఎస్. అధికారి, వారి మూలములు అనంతపురము ప్రాంతమువి. నాదెళ్ల 1992లో ఆ సంస్థలో చేరారు. 1998 నుండి హైదరాబాదులో సంస్థ అభివృద్ధి కేంద్రము కూడ ఉన్నది.

పగ్గములు చేపట్టునాటికి ఆటల విభాగమును వదిలించుకొనవలెనని వాటాదారులలో కొందరు కోరుచుండిరి. ఆయన వదలలేదు, మార్గమును మాత్రము మార్చారు. పెట్టెల లెక్క కన్న ఆడువారి లెక్క ముఖ్యమని భావించారు. 2014లోనే మైన్‌క్రాఫ్ట్ ఆటను తయారు చేసిన మోయాంగ్ సంస్థను 250 కోట్ల డాలర్లకు కొన్నారు. 2017లో గేమ్ పాస్ అను పథకము వచ్చినది. గ్రంథాలయ చందావలె నెలకింత చెల్లించి అనేక ఆటలు ఆడుకొనవచ్చును. 2021లో జెనీమాక్స్ సంస్థను 750 కోట్ల డాలర్లకు, పలు దేశముల నియంత్రణ సంస్థల పరీక్షలు దాటి 2023 అక్టోబరు 13న యాక్టివిజన్ బ్లిజార్డ్ సంస్థను 6,870 కోట్ల డాలర్లకు చేర్చుకొన్నారు. 2024 నుండి తమ ఆటలలో కొన్నింటిని పోటీదారుల యంత్రములకును ఇచ్చుట మొదలుపెట్టారు. తన వలలో పడిన చేపను తనకే వేయవలెనన్న పాత షావుకారు పద్ధతి ఇచ్చట సడలినది.

ఈ వైభవమునకు మరొక ముఖమున్నది. కొనుగోలు ముగిసిన మూడు నెలలకే, 2024 జనవరిలో, ఆటల విభాగమున 1,900 మందిని ఉద్యోగముల నుండి తొలగించారు. అదే సంవత్సరము మే నెలలో మంచి పేరున్న కొన్ని ఆటల కార్యాలయములు మూతపడినవి. మనవాడు పీఠమెక్కినాడని సంతోషించుట తప్పు గాదు. ఆ పీఠము క్రింద పనిచేయు వేలమంది మాట మరచుట మాత్రము తప్పు. మన విద్యార్థులు రేపు చేరబోవునది ఆ వేలమందిలోనే.

మన తీరమునకు ఈ కథ చెప్పునది

నెల్లూరు తీరవాసులకు కొత్త వ్యాపారములో దిగుట అనగా ఏమో వేరుగా చెప్పనక్కరలేదు. తరతరములుగా వరి పండించిన వారు 1990 ప్రాంతమున రొయ్యల గుంటలు త్రవ్వారు. నీరు తెలుసును, నేల తెలుసును, ఇక తెలియవలసినదేమి అనుకున్నారు. తొలి పంటలు కనకవర్షము కురిపించినవి. ఆ దశాబ్దము నడుమ తెల్లమచ్చ తెగులు వచ్చి గుంటలకు గుంటలు తుడిచిపెట్టినది. వరిలో చీడ పట్టినచో కొన్ని మళ్లు పోవును. రొయ్యకు తెగులు సోకినచో గుంట గుంటయంతయు పోవును. ఈ భేదము అప్పుడు గాని తెలియలేదు. 2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చిన తరువాత, పరీక్షించిన పిల్లను వేయుట, నీటి గుణమును చూపించుకొనుట అను క్రమశిక్షణ నేర్చినవారు నిలదొక్కుకొన్నారు. నేర్వనివారు అప్పుల పాలయ్యారు.

మైక్రోసాఫ్ట్‌కు జరిగినదియు ఇదియే. ప్రోగ్రాముల నేర్పు ఎక్స్‌బాక్స్ లైవ్‌లో పనికి వచ్చినది. అతుకుల విషయములో పనికి రాలేదు. ఒక విద్యలో గడించిన ప్రజ్ఞ మరొక విద్యకు వాకిలి వరకు మాత్రమే తోడు వచ్చును. లోపలికి పోయిన పిదప మరల శిష్యుడుగా కూర్చుండవలెను. అయితే ఆ సంస్థకు 400 కోట్ల డాలర్లు పోగొట్టుకొని శిష్యరికము చేయు స్తోమత ఉన్నది. మన తీరపు రైతుకు ఒక పంట పోయినచో ఇల్లు తాకట్టుకు పోవును. మన విద్యార్థికి ఒక సంవత్సరము పోయినచో చెల్లెలి చదువు ఆగును. కనుక పెద్ద సంస్థల సాహసమును చూచి ముచ్చటపడి అట్లే దూకుట మనకు తగదు. వారు డబ్బు పెట్టి కొనుక్కొన్న పాఠమును మనము చదివి నేర్చుకొనుట తగును.

విద్యార్థులారా! మీలో పలువురు కంప్యూటరు చదువులకు పోవుచున్నారు. ఒక ప్రోగ్రాము భాష నేర్చినచో జీవితము గట్టెక్కినదని అనుకొనకుడు. ప్రోగ్రాము నడచు యంత్రము ఎట్లు వేడెక్కునో, దాని ఖర్చు ఎవరు భరించుచున్నారో, కొనువాని యింటి పరిస్థితి ఏమో కూడ తెలిసికొనుడు. తప్పు జరిగినపుడు దాచకుడు. ఒప్పుకొని బాగుచేయువానికే రెండవ అవకాశము దొరకును. ఆటలు ఆడుటలో గడుపు కాలములో సగమైన ఆట ఎట్లు తయారగునో నేర్చుటకు వినియోగింపుడు.

కళాశాల కార్యవర్గమునకు మా విన్నపము ఒక్కటే. తరగతులు ముగిసిన పిదప కంప్యూటరు గది తాళము పడుచున్నది. వారమునకు రెండు సాయంకాలములు, ఒక అధ్యాపకుని పర్యవేక్షణలో, ఆ గదిని తెరచి ఉంచినచో, పాళెముల నుండి, పల్లెల నుండి వచ్చు పిల్లలకు ఇంటిలో లేని సాధనము చేతికందును. చేయుటకును, చెడగొట్టి మరల బాగుచేయుటకును వారికి ఒక చోటు దొరకును. ఇందుకు కొత్త ఖర్చు స్వల్పము. ఆ సాయంకాలములలో కూర్చుండు బాధ్యతను స్వీకరించుటకు మేము సిద్ధముగా ఉన్నాము. మాకు కంప్యూటరు విద్య రాదు. అయినను మొన్న మాకు పాఠము చెప్పిన ఆ విద్యార్థి ప్రక్కన కూర్చుండి నేర్చుకొందుము.